దుమ్ము రంగు చొక్కా

పాత ఢిల్లీలో ఖాకీ గుడ్డ కొనడం తేలిక. తెల్ల చొక్కాను ఇంట్లో ఖాకీగా మార్చడమే కష్టం. ఆ కష్టం ఈ నగరానికి 1857 నుంచీ తెలుసు

మార్చి రెండో వారం వచ్చేసరికి ఢిల్లీ ఎండకు కాస్త పదును వస్తుంది. ఉదయం ఆరేసిన బట్టలు మధ్యాహ్నానికల్లా ఆరిపోతాయి. ముఖర్జీనగర్‌లోనో, విజయ్‌నగర్‌లోనో విద్యార్థులుండే మేడల మీద దండేలకు ఆ రోజుల్లో ఒకే చొక్కా నాలుగు రంగుల్లో కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఒకటి పలచటి టీ రంగు, ఒకటి బూడిద రంగు, ఒకటి ఆవాల ముద్దలాంటిది. నాలుగోది ఏ రంగో చెప్పడం దాన్ని అద్దినవాడి వల్ల కూడా కాదు. మార్చి 23 దగ్గరపడుతోందన్నమాట. 1931లో ఆ రోజున లాహోర్ జైలులో భగత్‌సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌లను ఉరితీశారు. కాలేజీ వీధి నాటకంలో భగత్‌సింగ్ వేషం కట్టేవాడికి హ్యాటు దొరుకుతుంది, మీసం దొరుకుతుంది. తంటా అంతా చొక్కాతోనే.

చాలామందికి నమూనా పుస్తకం కాదు, సినిమా. 2002 జూన్ 7న భగత్‌సింగ్ మీద రెండు హిందీ సినిమాలు ఒకే రోజు పోటీపడి విడుదలయ్యాయి. ఒకదాంట్లో అజయ్ దేవగణ్, మరోదాంట్లో బాబీ దేవల్. కానీ కుర్రకారు మనసులో నిలిచిపోయింది 2006 జనవరి 26న వచ్చిన 'రంగ్ దే బసంతి'. అందులో ఢిల్లీ విద్యార్థి కరణ్ సింఘానియాగా, అతను వేసే భగత్‌సింగ్ వేషంలో కనిపించింది మన సిద్ధార్థే. 'నువ్వొస్తానంటే నేనొద్దంటానా'తో అప్పటికే తెలుగు ఇళ్లలో పిల్లాడైపోయినవాడు కావడంతో, ఢిల్లీలో చదువుకునే తెలుగు కుర్రాళ్లకు ఆ వేషం మీద కాస్త హక్కు కూడా ఉన్నట్టే.

చిక్కేమిటంటే, ఆ సినిమాలో గతానికి సంబంధించిన సన్నివేశాలన్నీ సెపియా ఛాయలో ఉంటాయి. పాత ఫొటోలకు పట్టే గోధుమ పసుపు తెర మొత్తానికీ పట్టించారు. గోడ, గుర్రం, తుపాకీ, మనిషి చొక్కా అన్నీ డికాక్షన్‌లో ముంచి తీసినట్టే కనిపిస్తాయి. ఫోన్‌లో సన్నివేశాన్ని ఆపి, చొక్కా రంగు పట్టుకుని అద్దకానికి దిగినవాడు నిజానికి చొక్కా రంగును పట్టుకోలేదు, కెమెరా విభాగం వేసిన రంగును పట్టుకున్నాడు. నటుడు వేసుకున్నది తెలుపా, ఖాకీనా, లేత నీలమా అన్నది ఆ తెర చెప్పదు. (ఈ బాధ వద్దనుకునేవారికి 2022 తర్వాత 'ఆర్ఆర్ఆర్' ఉంది. కథ 1920ల ఢిల్లీది, సినిమా పూర్తి రంగుల్లో ఉంది, రామ్‌చరణ్ పోలీసు ఖాకీ స్పష్టంగా కనిపిస్తుంది. కాకపోతే అది తెల్లవాడి కొలువులోని ఖాకీ.)

సినిమాను పక్కనపెట్టి అసలు ఫొటో దగ్గరకు వెళ్లినా తేలేది అంతంత మాత్రమే. అందరికీ తెలిసిన ఆ హ్యాటు బొమ్మను 1929 ఏప్రిల్ మొదటి రోజుల్లో ఢిల్లీ కశ్మీరీ గేట్‌లోని రామ్‌నాథ్ స్టూడియోలో తీశారు. అసెంబ్లీలో బాంబు వేయడానికి కొద్ది రోజుల ముందు, తిరిగిరామని తెలిసే తీయించుకున్న ఫొటో అది. అయితే నలుపు తెలుపు. భగత్‌సింగ్ అసలు ఫొటోలు నాలుగే ఉన్నాయని, పసుపు తలపాగా చిత్రకారుల ఊహేనని జేఎన్‌యూలో పనిచేసిన ప్రొఫెసర్ చమన్ లాల్ ఏళ్లుగా చెబుతున్నారు. 2022లో పంజాబ్ ప్రభుత్వ కార్యాలయాల్లో బసంతి తలపాగా బొమ్మ పెట్టినప్పుడూ ఆయన అదే మాటన్నారు. పోస్టర్లలో మాత్రం ఆ పసుపు చెరగలేదు. సినిమా పేరులోనూ అదే పసుపు ఉండడం మరో తమాషా.

రంగు గురించి చరిత్రకారులు ఇచ్చే ఆధారం ఒకటుంది. 1929 ఏప్రిల్ 8న భగత్‌సింగ్, బటుకేశ్వర్ దత్‌లు ఇప్పుడు సంవిధాన్ సదన్ అని పిలుస్తున్న పాత పార్లమెంటు భవనంలో సందర్శకుల గ్యాలరీ నుంచి బాంబులు విసిరి, కరపత్రాలు వెదజల్లారు. అప్పుడు వారు వేసుకున్నది ఖాకీ చొక్కా, ఖాకీ నిక్కరు అని రాస్తారు. సరే, ఖాకీ. కానీ ఏ ఖాకీ? ఖాక్ అంటే పారశీకంలో దుమ్ము, మట్టి. పెషావర్ మట్టి వేరు, ఢిల్లీ మట్టి వేరు. నేటి పోలీసు ఖాకీ రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. అందుకే దండెం మీద నాలుగు రంగులు.

పని చొక్కాతో మొదలవుతుంది. కన్నాట్ ప్లేస్‌లో రీగల్ భవనంలోని ఖాదీ దుకాణం నుంచి తెల్ల చొక్కా తెచ్చుకునేవారిది సగం విజయం. ఎందుకంటే గుడ్డ నికార్సయిన నూలుదైతేనే ఇంట్లో అద్దకం సాగుతుంది. పాత ఢిల్లీలో రంగులమ్మేవారు అడిగే మొదటి ప్రశ్న కూడా అదే: 'కాటనా, మిక్సా?' టెర్రికాటన్ చొక్కాను ఎంతసేపు ముంచినా అందులోని నూలు పోగు మాత్రమే రంగు పీలుస్తుంది, పాలిస్టర్ పోగు తెల్లగానే మిగులుతుంది. తీసి చూస్తే నెరిసిన జుట్టులా ఉంటుంది. నూటికి నూరు పాళ్లు నూలు చొక్కాలోనూ ఒక దొంగ దాక్కుని ఉంటాడు. అదే కుట్టుదారం. రెడీమేడ్ చొక్కాలను ఎక్కువగా పాలిస్టర్ దారంతో కుడతారు కాబట్టి చొక్కా అంతా ఖాకీ అయ్యాక కాలరు చుట్టూ, జేబు చుట్టూ, కాజాల చుట్టూ తెల్లటి కుట్లు వరుసకట్టి వెక్కిరిస్తాయి. తెలిసినవారు గుడ్డ కొని, నూలు దారంతో దర్జీ దగ్గర కుట్టించుకుంటారు. తెలియనివారికి మొదటి చొక్కా అయ్యాక తెలుస్తుంది.

రంగు కోసం వెళ్లాల్సింది చాందినీ చౌక్‌కే. ఎర్రకోట వైపు నుంచి పడమరకు నడుస్తుంటే కుడివైపు గల్లీల్లో కటరా నీల్ ఉంది. పేరులో నీలిమందు ఉన్నా ఇప్పుడక్కడ దొరికేది తానులకు తానులు గుడ్డ. ఎడమవైపు సందుల్లో కినారీ బజార్. రామ్‌లీల కిరీటాలు, జరీ అంచులు, పెళ్లికొడుకు తలపాగాలు అన్నీ అక్కడే. దేవుళ్ల వేషాలకు కావలసినవన్నీ అక్కడ దొరుకుతాయి. విప్లవకారుడి వేషానికి మాత్రం పనికొచ్చేది దాదాపు ఏమీ ఉండదు. అతనిది తళుకు లేని బట్ట మరి. ఫతేపురి మసీదు దాటాక దారి రెండుగా చీలినట్టవుతుంది. ఖారీ బావలీలో సుగంధ ద్రవ్యాలు, మూలికలు, ఎండు ఫలాలు. దానికి ఆనుకుని తిలక్ బజార్‌లో రసాయనాలు, రంగు పొడులు, అత్తరు సారాలు. ఒక వీధిలో మిరప ఘాటుకు తుమ్ములు, పక్క వీధిలో ఆమ్లాల వాసనకు కళ్ల నీళ్లు. చొక్కా అద్దేవాడు ఏ వీధిలోకి తిరుగుతాడన్నదాన్ని బట్టి అతని ఖాకీ ఎలాంటిదో తేలిపోతుంది.

తిలక్ బజార్ దారి పట్టినవాడికి కావలసింది రియాక్టివ్ రంగు. 1956లో బ్రిటిష్ కంపెనీ ఐసీఐ మార్కెట్లోకి తెచ్చిన ఈ రకం రంగులు నూలు పోగుకు పైపైన అంటుకోవు, రసాయనికంగా ముడిపడిపోతాయి. పొయ్యి అక్కర్లేదు. 200 గ్రాముల చొక్కాకు నాలుగు లీటర్ల నీళ్లు, పావు కిలోకి కాస్త తక్కువ ఉప్పు, యాభై అరవై గ్రాముల సోడా యాష్ చాలు. లేత ఖాకీకి పసుపు, ఎరుపు, నీలం పొడులు మూడూ కలిపి ఒకటి రెండు గ్రాములు మించవు. తంటా అక్కడే. టోకు అంగట్లో గ్రాముల లెక్కన అడిగితే ఎవరైనా వింతగా చూస్తారు. ఇంట్లో చూస్తే గ్రాములు తూచే త్రాసు ఉండదు. చిటికెడు నీలం ఎక్కువైతే ఖాకీ కాస్తా ఆకుపచ్చ సైనిక దుస్తులవుతుంది. పైగా ఆ పొడి గాలిలో లేస్తే ఊపిరితిత్తులకు చెరుపు, కొందరికి ఉబ్బసం తెప్పిస్తుంది. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, వంటింటి గిన్నె ముట్టుకోకూడదు. పాతకాలపు చవక రంగుల్లో ఇంకా పెద్ద ముప్పు ఉండేది. కేన్సర్ కారకాలుగా విడిపోయే 112 రకాల రంగులను 1990లలో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. పేరూ ఊరూ లేని పొట్లాం జోలికి పోకపోవడం మంచిదన్నది అందుకే.

ఖారీ బావలీ వైపు తిరిగినవాడి సంచిలో వేరే సరుకు ఉంటుంది. కరక్కాయలు, ఎండిన దానిమ్మ తొక్కలు, అన్నభేది. ఈ మూడూ తెలుగువారికి కొత్తవి కావు. శ్రీకాళహస్తిలో, మచిలీపట్నం దగ్గర పెడనలో కలంకారీ వేసేవారు గుడ్డను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలోనే నానబెడతారు. పాత ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన కసాన్ని కలంతో గీస్తే, కరక్కాయలోని వగరు పదార్థం ఇనుముతో కలిసి అక్కడికక్కడే నల్లగా మారుతుంది. ఖాకీ రహస్యమూ అదే, ఇనుము పాళ్లు తగ్గించడమే తేడా.

పద్ధతి చెప్పడానికి చిన్నదే. కొత్త చొక్కాలో గంజి, నూనె, మెరుపు మందులు ఉంటాయి. బట్టల సోడా వేసిన నీళ్లలో అరగంట ఉడికించి జాడిస్తే అవి పోతాయి. ఈ పని ఎగ్గొట్టినవారి చొక్కాకే మచ్చలు పడతాయి. తర్వాత దానిమ్మ తొక్కలను నానబెట్టి, గంటసేపు కాచి, వడగట్టాలి. తడి చొక్కాను అందులో ముంచి, అడుగంటకుండా తిప్పుతూ ఇంకో గంట. బయటికి తీస్తే లేత పసుపు. నిరాశపడనక్కర్లేదు. వేరే ప్లాస్టిక్ బకెట్లో గోరువెచ్చటి నీళ్లు పోసి, అర చెంచా అన్నభేది కరిగించి, పిండిన చొక్కాను అందులో వేయాలి. పది లెక్కపెట్టేలోపు పసుపు కాస్తా మట్టి రంగులోకి, ఆ మట్టిలోంచి ఆలివ్ ఛాయలోకి దిగుతుంది. చేతులు ఆగకూడదు. ముడత పడ్డచోట ఇనుము ఎక్కువ పట్టి చార కడుతుంది, ఆ చార ఇక పోదు. అన్నభేది ఎక్కువైతే రంగు నల్లబడడమే కాదు, గుడ్డ కూడా కుళ్లుతుంది. కొన్నేళ్లకు పట్టుకుంటే చిరిగే పాత అచ్చుగుడ్డల్లో నల్ల గీత ఉన్నచోటే చిరుగు ఎందుకు పడుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. దానిమ్మ తొక్క బదులు టీ పొడి వాడితే గోధుమ రంగు వస్తుంది, దాని మీద ఇనుము పడితే బూడిద రంగు. ఇనప మూకుడులో టీ కాచినా చాలు, అన్నభేది వేయకపోయినా రంగు మసకబారుతుంది. నోయిడా, గురుగావ్‌లలో బోరు నీళ్లతో చేసేవారికి ఫలితం మరో రకంగా ఉంటే తప్పు వారిది కాకపోవచ్చు. కఠినజలం రంగును మార్చేస్తుంది. తడిగా ఉన్నప్పుడు చూసి సంబరపడితే ఆరాక దిగాలు పడాల్సిందే, ఎందుకంటే తడి గుడ్డ ఎప్పుడూ ఒకటి రెండు ఛాయలు ముదురుగానే కనిపిస్తుంది.

ఈ మూకుడు సంగతి ఎందుకంటే, ఢిల్లీ ముందు సరిగ్గా ఇలాంటి చొక్కాలతోనే ఒకసారి సైన్యం నిలబడింది.

ఖాకీని సైనిక దుస్తులుగా మొదలుపెట్టింది హారీ లమ్స్‌డెన్ అనే ఆంగ్లేయుడు. 1846లో పెషావర్‌లో గైడ్స్ దళాన్ని నెలకొల్పి, ఆ కొండల దుమ్ములో కలిసిపోయే బట్ట వేయించాడు. అతని కింద పనిచేసిన విలియం హోడ్సన్ ఆ బట్ట కోసం ఇంగ్లండుకు ఉత్తరాలు రాశాడు. మిగతా కంపెనీ సైన్యానికి ఎండాకాలంలో తెల్ల నూలు, మిగతా కాలంలో ఎర్రకోటు. 1857 మే 11న మీరట్ సిపాయిలు ఢిల్లీ చేరి బహదూర్ షా జఫర్‌ను చక్రవర్తిగా నిలబెట్టాక, పంజాబ్ కంటోన్మెంట్ల నుంచి తెల్ల పటాలాలు ఢిల్లీకి కదిలాయి. ఎండల్లో, దుమ్ములో, తుపాకీ గురికి తెల్లచొక్కా కన్నా మంచి గుర్తు ఏముంటుంది? సియాల్‌కోట్‌లో ఉన్న 52వ పటాలం బయల్దేరే ముందే తన తెల్ల బట్టలను ఖాకీగా అద్దుకుంది. తక్కినవారు దొరికిన చోట దొరికినదానితో అద్దుకున్నారు. టీ, కాఫీ, మసాలా పొడి, మట్టి, రంగు సిరాలు కూడా వాడారని ఆనాటి రాతలు. ఫలితం ఒక్క తీరుగా లేదు. నీలి బూడిద నుంచి గోధుమ దాకా పటాలానికో రంగు. తూకం, కొలత లేని అద్దకం ఎలా ఉంటుందో అలాగే ఉంది. మొదటి బెంగాల్ యూరోపియన్ ఫ్యుజిలియర్లు కోట్లు విప్పేసి చొక్కాలతోనే పోరాడి 'మురికి చొక్కాలు' అని పేరు తెచ్చుకున్నారు. పరిహాసంగా మొదలైన ఆ పేరునే తర్వాత గర్వంగా చెప్పుకున్నారు.

గైడ్స్ మర్దాన్ నుంచి 580 మైళ్లు నడిచి జూన్ 9న ఢిల్లీ రిడ్జ్ మీదికి చేరారు. 52వ పటాలం నికల్సన్‌తో కలిసి ఆగస్టు 14న వచ్చింది. సెప్టెంబరు 14న కశ్మీరీ గేట్ తలుపును మందుగుండుతో పేల్చినప్పుడు ఆ దారిన లోపలికి దూసుకెళ్లినవారిలో ఈ 52వ పటాలమూ ఉంది. వారికి ఎదురు నిలిచిన సిపాయిల్లో చాలామంది కంపెనీ ఇచ్చిన ఎర్రకోట్లతోనే తిరుగుబాటులో చేరినవారు. అంటే ఆ ఏడాది ఢిల్లీలో ఖాకీ తొడిగింది తిరుగుబాటును అణచడానికి వచ్చినవారు. ఫిరంగి గుళ్ల దెబ్బలు ఇప్పటికీ కనిపించే ఆ గేటు పరిసరాల్లోనే, 72 ఏళ్ల తర్వాత, హ్యాటు పెట్టుకున్న 21 ఏళ్ల కుర్రాడు ఫొటో తీయించుకున్నాడు.

బహదూర్ షా జఫర్ మార్గ్‌లో నడిస్తే ఈ ముడి ఇంకా బిగుస్తుంది. రోడ్డు మధ్యలో ఖూనీ దర్వాజా. 1857 సెప్టెంబరు 22న హోడ్సన్, లొంగిపోయిన ముగ్గురు మొఘల్ రాకుమారులను ఈ ద్వారం దగ్గరే కాల్చి చంపాడు. అప్పటికి అతని సొంత రిసాలా ఖాకీ మీద ఎర్ర నడికట్లు, ఎర్ర తలపాగాలు కట్టి ఫ్లెమింగోలనిపించుకుంటోంది. ద్వారానికి ఒకపక్క ఫిరోజ్ షా కోట్లా శిథిలాలు. 1928 సెప్టెంబరు 8, 9 తేదీల్లో భగత్‌సింగ్ మిత్రులు రహస్యంగా కలిసి తమ సంస్థ పేరులో సోషలిస్ట్ అన్న మాట చేర్చుకున్నది అక్కడే. మరోపక్క మౌలానా ఆజాద్ మెడికల్ కాలేజీ. అది లేవకముందు అక్కడుండేది ఢిల్లీ జైలు. అసెంబ్లీ బాంబు కేసు విచారణ జరిగిందీ, 1929 జూన్ 12న యావజ్జీవ ప్రవాస శిక్ష పడిందీ ఆ జైలులోనే. రెండు తరాల ఖాకీ ఒక బస్‌స్టాపు దూరంలో ఉంది. వేషం కోసం చొక్కా అద్దే కుర్రాళ్లలో ఎందరు ఇక్కడికి వచ్చి చూస్తారో మరి. కోట్లా స్టేడియంలో మ్యాచ్ ఉంటే మాత్రం అందరూ వస్తారు.

ఖాకీ రంగు వెలిసిపోకుండా నిలబెట్టే విద్య యుద్ధాలన్నీ అయ్యాక గానీ దొరకలేదు. 1884లో లాంకషైర్‌లోని అక్రింగ్టన్‌లో ఫ్రెడరిక్ గాటీ పోగులోపలే ఇనుము, క్రోమియం ఆక్సైడులు దిగేలా చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. దాంతో ఉతికినా, ఎండలో నిలబెట్టినా ఖాకీ ఖాకీగానే మిగిలింది. ఆ తర్వాత సైన్యాలు, పోలీసులు, పోస్ట్‌మేన్లు అందరికీ అదే పంపిణీ అయింది. భగత్‌సింగ్ వేసుకునే నాటికి ఖాకీ ఏ పటాలానిదీ కాదు. బజారులో దొరికే, ఎవరి కళ్లలోనూ పడని బట్ట.

ఇంత బాధ ఎందుకనుకునేవారు శంకర్ మార్కెట్‌కో, లజపత్ నగర్‌కో వెళ్తారు. కాలిబాట పక్కన పెద్ద గిన్నెల్లో రంగు నీళ్లు సలసల కాగుతుంటాయి, రంగరేజు కర్రతో దుపట్టాను తిప్పుతుంటాడు. అతనికి కొలతలు లేవు, తూకాలు లేవు. కస్టమరు తెచ్చిన గుడ్డ ముక్కను చూసి, డబ్బాల్లోంచి రెండు మూడు పొడులు వేళ్లతో వేసి, కొంగు చివర ముంచి చూసుకుని, సరిపోయిందని తల ఊపుతాడు. సరిపోతుంది కూడా. కొత్త బ్లౌజు ముక్కకు నప్పే దుపట్టా కావలసినంత కాలం అతనికి పని ఉండేది. సల్వారు, కమీజు, దుపట్టా మూడూ కలిపి ప్యాకెట్లో అమ్మడం మొదలయ్యాక, నప్పించాల్సిన అవసరమే తగ్గిపోయింది. సినిమా చొక్కా పట్టుకొచ్చి 'సరిగ్గా ఈ మట్టి రంగు' అని ఫోన్ చూపించే కుర్రాడంటే అతనికి విసుగు కాదు. అసలైన పరీక్ష అదే. కాకపోతే అతను కూడా మొదట అడిగేది, ఇది దీపం వెలుగులో రంగా, పగటి రంగా అని.

గిన్నె ఖాళీ అయ్యాక ఆ నీళ్లు పోయేది పక్కనున్న మురుగు కాల్వలోకే. రియాక్టివ్ రంగులో ఐదోవంతు నుంచి మూడోవంతు దాకా గుడ్డకు అంటకుండా కడుగునీళ్లలో పోతుంది. దాంతోపాటు పావుకిలో ఉప్పు. ఒక చొక్కాకు అది లెక్కలోకి రాదు. కానీ వజీరాబాద్ నుంచి ఓఖ్లా దాకా ఢిల్లీలో యమున పారేది 22 కిలోమీటర్లు, నది పొడవులో 2 శాతం. నది మొత్తం కాలుష్యంలో మూడు వంతులకు పైగా అక్కడే కలుస్తుందని అంచనా. నివాస ప్రాంతాల్లో దొంగచాటుగా నడిచే అద్దకం యూనిట్లను అధికారులు మూయిస్తుంటారు, అవి ఇంకో గల్లీలో తెరుచుకుంటుంటాయి. దానిమ్మ తొక్కవారు తమది ప్రకృతి రంగని మురిసిపోతారు గానీ అన్నభేది నీళ్లు కూడా పూలకుండీలో పోయదగినవి కావు, బాగా పలచబరిచి పారబోయాల్సిందే.

మార్చి 23 సాయంత్రానికి చొక్కా ఆరుతుంది. ఇస్త్రీ పెట్టె తగలగానే దానిమ్మ వాసన సన్నగా లేస్తుంది. ఒక చేతి మీద చార, జేబు దగ్గర చిన్న మచ్చ, కాలరు చుట్టూ తెల్ల కుట్లు. డప్పు మోగి నాటకం మొదలయ్యాక పది అడుగుల దూరంలో నిలబడ్డవారికి ఇవేవీ కనిపించవు. సబ్బు తగిలితే ఈ ఛాయ ఉతుకు ఉతుక్కూ కొంత దిగుతుంది. మరుసటి ఏడు మార్చికి మళ్లీ ఖారీ బావలీ, మళ్లీ అరకిలో తొక్కలు. ఈసారి అన్నభేది పావు చెంచా తగ్గించి చూడాలి.